మైకులో పిలిచిన పేరు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున కర్నూలు బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ చూసి స్కూటరు పక్కకు తీశాను. నిలువెత్తు బొమ్మ. కిరీటం, నుదుట నామాలు, మెడలో తులసిమాల, కళ్లలో ఆ కొంటెతనం. బొమ్మ ఆయనదే. కింద 'రాయలసీమ ముద్దుబిడ్డ, మహానటుడు' అని పెద్ద అక్షరాలు, వాటి కింద పేరు. ఆ పేరు ఆయనది కాదు. ఫ్లెక్సీ అడుగున సంతాపం తెలిపే పెద్దమనుషుల బొమ్మలు పదకొండు ఉన్నాయి. పదకొండు మంది పేర్లూ ఇంటిపేర్లతో, పదవులతో సహా సరిగ్గానే వేశారు. చచ్చిపోయిన మనిషి పేరొక్కటే తప్పు.

ఆ పదకొండు మందిలో ఒకాయన మూడేళ్ల కిందట మా సినిమా ఆపించడానికి వచ్చినవాడు. ఇప్పుడు చేతులు జోడించి, కళ్లు దించుకొని, శోకంలో ఉన్నాడు. ఆ శోకం ఫోటో స్టూడియోలో ఎంతసేపు నిలబడి తీయించుకున్నాడో గానీ బాగా కుదిరింది.

నా కోపం గురించి మా ఇంట్లో వాళ్లకు తెలుసు, ముప్పై ఏళ్లు నా దగ్గర తెలుగు చదివిన పిల్లలకు తెలుసు. కానీ ఆ రోజు ఆ ఫ్లెక్సీ ముందు నాకు వచ్చిన కోపం సగం వాళ్ల మీద, సగం నా మీద. ఆ దొంగపేరు కల్పించింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా దాచాడని ఎవరూ అనకుండా. ఆయన అసలు పేరు మాత్రం ఇక్కడ రాయను. దానికి కారణం వేరే ఉంది.

ఆయన్ను నేను మొదట చూసింది దేవుడి వేషంలో కాదు. మా మిద్దె మీద, దూదిలో చూశాను.

మా పరుపులు గట్టిపడిపోతే దూది ఏకి మళ్లీ కుట్టే మనిషి కోసం వెతికాం. ఎవరో చెప్తే వచ్చాడు. అరవై దాటిన మనిషి, పొడుగ్గా, సన్నగా, తలకు తువ్వాలు. వస్తూనే పరుపు మీద అరచెయ్యి ఆనించి, డాక్టరు కడుపు నొక్కి చూసినట్టు నాలుగు చోట్ల నొక్కాడు. ఎవరు కుట్టారని అడిగాడు. చెప్పాను. "దీంట్లో దూది సగం, దొంగతనం సగం ఉండాది సారూ" అన్నాడు.

ఆ నొక్కడం ఆయనకు పోలేదు. ఎక్కడికి పోయినా కూర్చునే ముందు అరచెయ్యి పెట్టి చూసేవాడు. బస్సు సీటు, మా కాలేజీ ప్రిన్సిపాలు కుర్చీ, తర్వాత మా సినిమా దర్శకుడి ఇంట్లో కొత్త సోఫా, అన్నిటికీ ఆయన తీర్పు ఉండేది. సోఫాను నొక్కి, మొహం అదోలా పెట్టి, నేల మీద కూర్చున్నాడు.

ఆ రోజు సాయంత్రం దాకా మిద్దె మీద దూది ఏకే విల్లు మోగుతూనే ఉంది. మధ్యలో ఒక పద్యం లేచింది. వీధి చివర పిండిమర దాకా వినపడే గొంతు. నేను పైకి పోతే, దబ్బనానికి దారం ఎక్కిస్తూ పాడుతున్నాడు. కనుబొమల మీద, మీసాల మీద అంతా దూది. నలభై ఏళ్లుగా కృష్ణుడి వేషం కడుతున్నాడట. ఓర్వకల్లు చుట్టూ, డోన్ చుట్టూ ఆయన కృష్ణుణ్ణి చూడని పల్లె లేదట. కృష్ణుడు పడుకొని ఉండగా దుర్యోధనుడు, అర్జునుడు సాయం అడగడానికి వచ్చే పడకసీను గురించి చెప్పాడు. ఆ సీనుకు పరుపు కూడా తన ఇంటినుంచే మోసుకుపోతాడట, ఎవరిదో పరుపు వేస్తే నిద్ర నటించడం తనవల్ల కాదట. చెప్పి, శబ్దం రాకుండా భుజాలతో నవ్వాడు. నేను ఆ రోజే ఆయనకు అల్లుణ్ణి అయిపోయాను. ఆయన నన్ను అల్లుడా అనడం, నేను మామా అనడం. మా ప్రాంతంలో ఈ చుట్టరికానికి కులం, మతం అడ్డం రావు. రాలేదు, అప్పటిదాకా.

ఆయన వాళ్లు దూదేకుల వాళ్లు, తరతరాలుగా దూది ఏకే ముస్లింలు. ఆయన పేరు ఈ నేలలో పుట్టిన పేరు. ముందు సగం దర్గా నుంచి వచ్చింది, వెనక సగం మా తాతల పేర్ల చివర ఉండే అప్ప. అట్లాంటి పేర్లు ఇక్కడ ఊరికి పది ఉంటాయి. విన్నవాళ్లెవరూ ఆగి ఆలోచించేవాళ్లు కాదు.

ఈ పక్క నాటకాలు ఆడేచోట ఒక పద్ధతి ఉంది. పాత్ర రంగస్థలం మీదికి వచ్చే ముందు ఒకాయన మైకు దగ్గర నిలబడి నటుడి ఊరు, తండ్రి పేరు, అతని పేరు చదువుతాడు. ఆ తర్వాతే వేషం పేరు చెప్తాడు. ఫలానా ఊరు, ఫలానాయన కొడుకు, ఫలానా, శ్రీకృష్ణుడిగా. ఆ పిలుపు చెవిన పడ్డాకనే నటుడు తెర పక్కకు తోసి అడుగుపెడతాడు. పరుపులు కుట్టే మనిషి అని తెలిసే జనం లేచి నిలబడతారు, తెలిసే హారతి పళ్లెం తెస్తారు, తెలిసే కాళ్లకు మొక్కుతారు. వాళ్లు మోసపోయి మొక్కినవాళ్లు కారు. ఆయన వాళ్లను ఏనాడూ మోసం చేయలేదు.

ఇక సినిమా సంగతి. మా దర్శకుడిది వేంపల్లె. నా పాత శిష్యుడు. బెంగళూరులో ఉద్యోగం మానేసి, కెమెరా ఒకటి, నలుగురు స్నేహితులను వెంటబెట్టుకొని వచ్చి, సినిమా తీస్తాను, మాటలు మీరే రాయాలన్నాడు. ఎవరి అండా లేదు, పేరున్న నటులు లేరు. కథ విని నేను కుర్చీలోంచి లేచాను. అంత బాగుంది.

దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి ముస్లింల ఇంటి అల్లుడు. స్వామి భార్య బీబీ నాంచారమ్మ వాళ్ల ఇంటి ఆడబిడ్డ కాబట్టి ఉగాది నాడు వాళ్లు కొబ్బరికాయ, పూలు పట్టుకొని గుడికి వచ్చి అల్లుణ్ణి చూసిపోతారు. మా ప్రాంతంలో ఇది అందరూ ఎరిగిన సంగతే. మావాడి సినిమా అక్కడ మొదలవుతుంది. ప్రతి ఏడూ వాళ్లే వస్తున్నారు, అత్తగారింటికి నేనొక్కసారి కూడా పోలేదే అని స్వామికి సిగ్గేస్తుంది. కిరీటంతో సహా బయలుదేరి బస్సెక్కుతాడు. కండక్టరు టికెట్ అడుగుతాడు. అత్తగారి ఇల్లు ఎక్కడో తెలియదు, కడప వీధులన్నీ తిరుగుతాడు. చివరికి ఒక ముసలావిడ తలుపు తీసి, చూసి, ఆశ్చర్యపోవడానికి కూడా తీరిక లేనట్టు, అల్లుడు మాంసం ముట్టడు గదా, ఇప్పుడేం వండాలి అని కంగారుపడుతుంది. అంతలో వీధి వీధంతా కోరికల చిట్టాలతో వచ్చి తలుపు కొడుతుంది. అల్లుడు అన్నానికి వచ్చినాడు, అర్జీలకు కాదని ఆమె అందరినీ తరిమేస్తుంది. కథంతా ఇంతే. దేవుడికి ఒక్క పూట భోజనం ప్రశాంతంగా పెట్టడానికి ఒక ఆడమనిషి పడే పాటు.

స్వామి వేషానికి వచ్చిన పడుచువాళ్లంతా కండలు చూపించారు. నేను మామను తీసుకుపోయాను. దర్శకుడు ఆయన్ను నడవమన్నాడు. నాలుగు అడుగులు వేసి, లేని కిరీటం గుమ్మానికి తగలకుండా తల కొంచెం వంచి, గదిలోకి వచ్చాడు. అంతటితో వేరేవాళ్లను చూడటం ఆపేశాం.

షూటింగు జరిగిన ఇరవై రోజులూ ఆయన మాంసం ముట్టలేదు. చెప్పులు వేసుకోలేదు. ఓర్వకల్లు రాళ్ల మధ్య ఎండలో, అడుగు పెడితే కాలు కమిలే చోట, వట్టికాళ్లతో నిలబడ్డాడు. కెమెరాలో పాదాలు కనపడవు మామా, వేసుకో అన్నాను. "కెమెరాకు కనపడవు, నాకు కనపడతాయి గదా అల్లుడా" అన్నాడు. రంగు తానే వేసుకునేవాడు. ముఖానికి రంగు పడేదాకా మాతో ఎకసెక్కాలాడేవాడు, బీడీ కాల్చేవాడు. కిరీటం పెట్టుకున్నాక మాట తగ్గిపోయేది. కిరీటం తీసి కింద పెట్టాలంటే తువ్వాలు పరిచి దాని మీద పెట్టేవాడు, ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. వేషానికి వేసుకునే ముఖమల్ కోటు కుట్టింది ఆయన భార్య. దారం తెగితే ఇంటికి పోయి ఆమె చేతనే వేయించుకొని వచ్చేవాడు, మా టైలరు సూదిని దాని మీద పడనీయలేదు.

ఒక సీనులో స్వామి కాలవలో జారిపడాలి. దర్శకుడు కిరీటం ఊడి బురదలో దొర్లాలన్నాడు, అప్పుడే నవ్వు వస్తుందన్నాడు. ఆయన వినలేదు. నేను పడతాను, అది పడదు అన్నాడు. ఒక గంట షూటింగు ఆగింది. దర్శకుడు విసుక్కున్నాడు, నేను ఇద్దరి మధ్యా తిరిగాను. చివరికి ఆయనే, సరే కెమెరా పెట్టండి అన్నాడు. జారాడు. నడుము దాకా బురదలో పడ్డాడు. పడుతూ పడుతూ రెండు చేతులతో కిరీటాన్ని నెత్తిమీద గట్టిగా పట్టుకొని, పడ్డాక అది సరిగా ఉందో లేదో తడిమి చూసుకొని, ఊపిరి పీల్చుకొని, అప్పుడు తనకు దెబ్బ తగిలిందని గుర్తొచ్చి మూలిగాడు. కెమెరా పట్టుకున్నవాడు నవ్వు ఆపుకోలేక బొమ్మ కదిలించేశాడు. ఆ కదిలిన బొమ్మే సినిమాలో ఉంది. హాల్లో జనం ఎక్కువ నవ్వేది అక్కడే.

ఇంకొకటి సినిమాలో లేదు. డోన్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద, దారి తప్పిన స్వామి రైలు కోసం కూర్చునే సీను తీస్తున్నాం. నిజం ప్రయాణికురాలు ఒకావిడ, పెద్దదే, మూట పక్కన పెట్టి వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. కెమెరా దూరంగా ఉంది, ఆమెకు తెలియదు. కొడుకు తాగుడు గురించి, కోడలు పుట్టింటికి పోయిన సంగతి గురించి చెప్పుకుంటూ పోయింది. ఆయన కదల్లేదు. అంతా విని, తలమీద చెయ్యి పెట్టాడు. ఆమె కళ్లు తుడుచుకొని, మూటెత్తుకొని, రైలెక్కి పోయింది. దర్శకుడు ఎగిరి గంతేశాడు. ఇది రాసినా రాదు, తీసినా రాదు అన్నాడు. మామ కిరీటం తీసి తువ్వాలు మీద పెట్టి, ఆ ముక్క సినిమాలోంచి తీసేయమన్నాడు. "ఆమె నాతో మాట్లాడలేదప్పా. ఆయనతో మాట్లాడింది. అది మనం పెట్టుకోకూడదు." దర్శకుడు ఎంత బతిమాలినా లొంగలేదు. తీసేసేదాకా ఆ కెమెరా పక్కనుంచి లేవలేదు. ఒక పరాయి ఆడమనిషి కన్నీళ్లకు అంత విలువ ఇచ్చిన మనిషికి మేమేం ఇచ్చామో చెప్తాను.

సినిమా పూర్తయ్యాక ఫోన్లలో చూసుకునే చిన్న ముక్క ఒకటి వదిలాం. నటుల పేర్లతో. వారం తిరగకముందే మనుషులు వచ్చారు. దేవుడి తరఫున వచ్చామన్నారు. దేవుడు వాళ్లను పంపినట్టు ఆధారమేమీ చూపించలేదు. కథ వాళ్లకు తెలియదు, తెలుసుకోవాలని లేదు. ఆ పేరుగలవాడు స్వామి వేషం కట్టడమేమిటని ఒకటే ప్రశ్న. వచ్చినవాళ్లలో ఒకడి తండ్రి, నాకు బాగా తెలుసు, మామ కట్టిన కృష్ణుడికి హారతి పట్టినవాడే. ఆ మాట అన్నాను. అప్పటి కాలం వేరు సార్ అన్నాడు. కాలం తానంతట తాను వేరైనట్టు.

మరి రెండు రోజులకు మామ వీధివాళ్లే ఇద్దరు ఆయన ఇంటి ముందు నిలబడి, ఆ నామాలేమిటి, ఆ వేషమేమిటి, మన పరువు తీస్తున్నావని గట్టిగా అడిగిపోయారట. ఆ వేషం ఆ వీధిలో కొత్తది కాదు. వాళ్లు గోచీలు పెట్టుకొని తిరిగిన రోజుల్లోనే ఆయన ఆ రంగుతో ఆ వీధినుంచే ఎద్దులబండి ఎక్కేవాడు. రెండు పక్కలా ఒకేరకం మనుషులు, ఒకేరకం గొంతు. వాళ్ల మధ్య దూది మనిషి ఒకడు.

రాజీకి ఒక హోటల్లో కూర్చున్నాం. దేవుడి తరఫు వాళ్లు నలుగురు, దర్శకుడు, నేను. ఇడ్లీలు తిన్నారు, రెండోసారి చట్నీ అడిగారు. అంతకుముందే వాళ్లకు సినిమా చూపించాం, బాగా నవ్వు వచ్చిందట, కథ మీద అభ్యంతరమేమీ లేదట. ఆ పేరొక్కటి మారిస్తే చాలునట. మార్చకపోతే హాలు ముందు వాళ్లే ఉంటారట. దర్శకుడు నా వైపు చూశాడు. తెలుగు సారును గదా, పేర్లు పెట్టడం నాకు బాగా వచ్చు. బిల్లు వెనక రాశాను. ఇంటిపేరుతో సహా, వినగానే ఎవరికీ ఏ అనుమానమూ రాని పేరు. రెండు నిమిషాలు పట్టలేదు. వాళ్లు చదివి తలలూపారు. అప్పుడు ఆ కాగితం చింపి లేచి వచ్చేసి ఉండాల్సింది. రాలేదు. సినిమా బతకాలి, ఇంతమంది కష్టం ఉంది, టైటిల్లో పేరేముంది అనుకున్నాను. పిరికితనానికి ఎప్పుడూ మంచి కారణాలే దొరుకుతాయి.

మామకు చెప్పే పని నా మీదే పడింది. పోయేసరికి అంగట్లో ఒక పెళ్లి పరుపు అంచు కుడుతున్నాడు. చెప్పాను. దబ్బనం ఆగింది. కొత్త పేరు ఏమిటని అడిగాడు. చెప్పాను. ఆ పేరును రెండుసార్లు మెల్లగా అనుకున్నాడు, అరచెయ్యి పరుపు మీద పెట్టి నొక్కుతూ.

"మెత్తగానే ఉండాది అల్లుడా. లోపల ఏం కూరినావు?"

మళ్లీ ఆయనే, సినిమా ఆగిపోతే పిల్లోళ్లంతా నష్టపోతారు, పెట్టుకోండి అన్నాడు. ఒక్కటే అడిగాడు. "ఇంట్లో మీ అత్తకు నేను చెప్పలేను. నువ్వు చెప్పు. నీ మాటయితే ఆమె వింటాది." చెప్తాను మామా అన్నాను. ఇల్లు అంగడి వెనకాలే. పది అడుగులు. ఆమె బయటికి వచ్చి, అల్లుడా, మజ్జిగ తాగిపోదువు రా అని పిలిచింది కూడా. తాగాను. సినిమా ఎప్పుడొస్తాది అని అడిగితే చెప్పాను. పేరు సంగతి చెప్పలేదు. ఇంకోసారి చెప్దాంలే అనుకొని వచ్చేశాను.

సినిమా కర్నూల్లో ఒక హాల్లో పడింది. ఆయన నా పక్కనే కూర్చున్నాడు, సీటు నొక్కి చూసి మరీ. అత్తను తీసుకురాలేదేమన్నాను. హాల్లో చల్లగాలి ఆమెకు పడదన్నాడు. చివర పేర్లు పడుతుంటే జనం లేచి పోతున్నారు. ఆయన ముందుకు వంగి ఒక్కొక్క పేరూ చదివాడు. కూడబలుక్కొని చదివే మనిషి, పెదాలు కదిలిస్తూ చదివాడు. వ్యాను డ్రైవరు పేరు, టీ తెచ్చిన మనిషి పేరు, లైట్లు పట్టినవాళ్ల పేర్లు. ప్రతి పేరుకూ మెల్లగా చప్పట్లు కొట్టాడు. అన్నీ సరిగా వేసినారు అన్నాడు. నేను ఆ చీకట్లో నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాను.

సినిమాకు మంచి పేరు వచ్చింది. ఆయనకు రాలేదు, నా దొంగపేరుకు వచ్చింది. ఆపించడానికి వచ్చినవాళ్లే అందరికీ పంపుకున్నారు, మన సీమ సినిమా అని. కాలవలో పడే ముక్క లేని ఫోను లేదు.

ఇది నేను ఊహించనిది. ఓర్వకల్లు పక్క ఒక పల్లెలో ఉత్సవానికి నాటకం పెట్టారు, ఆయన ప్రతిసారీ కృష్ణుడు కట్టే ఊరే. కమిటీవాళ్లు కొత్తవాళ్లు. గోడ కాగితాల మీద ఆయనకు సినిమాలో పడ్డ దొంగపేరే వేశారు. తెర లేచే వేళకు మైకాయన గొంతు సవరించుకొని ఆ పేరు పిలిచాడు. కృష్ణుడు రాలేదు. మళ్లీ పిలిచాడు. రాలేదు. జనం అరిచారు. మూడోసారి ఎవరో తెర వెనక్కు పోయి చూస్తే, పూర్తి వేషంలో, చేతిలో పిల్లనగ్రోవితో నిలబడి ఉన్నాడట. తోసినట్టు బయటికి పంపారు. ఆడాడు. అదే చివరిది. తర్వాత ఎవరు పిలిచినా పోలేదు. కిరీటం తువ్వాల్లో చుట్టి అటక మీద పెట్టేశాడు.

ఎందుకు మామా అని అంగడికి పోయి అడిగాను. అడగడానికి నాకు నోరెట్లా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. "ఎవురినో పిలిచినారప్పా. వాడు వస్తాడేమో, చూద్దామని నిలబడినా" అన్నాడు. భుజాలతో నవ్వాడు. ఆ నవ్వు నేను మళ్లీ చూడలేదు. ఈ ఎండాకాలం మొదట్లో పోయాడు.

ఫ్లెక్సీ చూసిన ఆ పొద్దునే పదకొండు గంటలకు సంతాపసభ. నన్ను మాట్లాడమని పిలిచారు. పోకూడదనుకున్నాను, ఆ పేరు అందరి ముందు కడిగేయాలని పోయాను. ముందు వరసలో ఆయన భార్య కూర్చొని ఉంది, కొత్త చీరలో, ముడుచుకొని. ఆమెకు చదువు రాదు. వేదిక మీద కూడా అదే ఫ్లెక్సీ. లోపలికి వచ్చేటప్పుడు ఆ బొమ్మ దగ్గర ఆగి, కోటు అంచు కుట్టును వేలితో తడిమి చూసిందని ఎవరో చెప్పారు.

మాట్లాడేవాళ్లు మాట్లాడారు, పేరెత్తకుండా మహానటుడు మహానటుడు అంటూ. ఆపించడానికి వచ్చినాయన అందరికంటే ఎక్కువసేపు మాట్లాడాడు. కళకు మతం లేదన్నాడు. అప్పుడు లేచి వాడి చేతిలోని మైకు లాక్కోవాలనిపించింది. నా వంతు వచ్చినప్పుడు చెప్దామని కూర్చున్నాను. జీవితమంతా ఇదే నా వరస, వంతు వచ్చినప్పుడు చెప్దామని కూర్చోవడం.

నా వంతు రాకముందే శాలువా కప్పే తంతు పెట్టారు. మైకాయన ఆ పేరు గౌరవంగా చదివి, ఆయన సతీమణి గారు వేదిక మీదికి రావాలని కోరాడు. ఆమె కదల్లేదు. మళ్లీ పిలిచాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది, లేస్తున్నది ఎవరా అని. పక్కన ఉన్న ఆడవాళ్లు కూడా వెనక్కి చూశారు. మూడోసారి పిలిచేసరికి సభంతా ఆమెనే చూస్తోంది, ఆమె ఇంకా ఎవరికోసమో వెతుకుతోంది.

నేను లేచి పోయి ఆమె ముందు కూర్చున్నాను. అత్తా, పిలిచింది నిన్నే అన్నాను. "నన్నా? ఫోటో మా ఆయనదే గదా. ఆ పేరు ఎవురిది?" అంది. మూడేళ్ల కిందట మజ్జిగ తాగుతూ చెప్పాల్సిన మాటలు అప్పుడు చెప్పాను. అంతమంది ముందు, నేలమీద కూర్చొని. హోటలు, బిల్లు కాగితం, మామ నన్ను అడిగిన ఒక్క కోరిక, అన్నీ. ఆమె అడ్డం రాకుండా విన్నది.

తర్వాత లేచి మెట్లెక్కింది. శాలువా పట్టుకొని ఎదురొచ్చినాయన్ను చేత్తో పక్కకు జరిపింది. మైకు ముందు నిలబడింది. నలభై ఏళ్లు ఎన్ని తెరల వెనక నుంచి విన్నదో, ఆ పద్ధతి తప్పకుండా చెప్పింది. ముందు ఊరు. తర్వాత మామగారి పేరు. ఆ తర్వాత, పెళ్లయినప్పటినుంచి ఎన్నడూ నోటితో పలకని మొగుడి పేరు, సగం దర్గాది, సగం అప్ప, పూర్తిగా. "శ్రీకృష్ణుడిగా" అని, ఆగి, తెర వైపు చూసినట్టు ఒకసారి పక్కకు చూసి, దిగి వచ్చేసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పదకొండు మందిలో ఒక్కడికీ ఎక్కడ చూడాలో తెలియలేదు.

గేటు దగ్గర ఆమెను ఆపాను. అత్తా, ఆయన గురించి నేను రాస్తాను, అసలు పేరుతో రాస్తాను, అందరికీ తెలిసేటట్టు రాస్తాను అన్నాను. నిజంగానే అన్నాను. ఆమె నన్ను చూసింది. ఇన్నేళ్లూ అల్లుడా అని తప్ప పిలవని మనిషి.

"రాసుకో సారూ. పేరు మాత్రం రాయాకు. నువ్వు రాస్తే మళ్లా మారుస్తావు."